పెరటి కోడి: గుడ్డులోని సున్నం, నేలలోని సీసం

తన కోడీ కుంపటీ లేకపోతే ఊరికి తెల్లవారదనుకున్న ముసలమ్మ కథ తెలుగువారందరికీ తెలిసినదే. ఆ ముసలమ్మ ఆస్ట్రేలియా దేశంలో, క్వీన్స్‌లాండ్ రాష్ట్రంలోని స్ప్రింగ్‌ఫీల్డ్ లేక్స్‌లో కాపురముంటే ఆమెకు పెద్ద చిక్కే వచ్చిపడేది. ఇళ్ళు ఒకదానినొకటి ఆనుకొని ఉండే అటువంటి పేటలలో పెరట్లో నాలుగు పెట్టలను పెంచుకోవచ్చు గాని, తెల్లవారుజామున గొంతెత్తే పుంజును ఇరుగుపొరుగు సహించరు. నగరపాలక మండళ్ళు పుంజుల పెంపకంపై ఆంక్షలు విధించడం కూడా పరిపాటి. కనుక అక్కడ కూత లేకుండానే తెల్లవారుతుంది. గుడ్లకు మాత్రం లోటు ఉండదు. పుంజు లేకపోయినా పెట్ట గుడ్డు పెడుతుంది. ఆ గుడ్డు పొదిగితే పిల్ల కాదు, అంతే భేదం.

బ్రిస్బేన్ నగరానికి నైరుతి దిశలో, ఇప్స్‌విచ్ నగర పరిధిలో ఉన్న ఈ పేట వయస్సు చిన్నది. మలేసియాలో జన్మించిన మహా సిన్నతంబి, ఆయన భాగస్వామి బాబ్ షార్ప్‌లెస్ 1990ల ఆరంభంలో కొనుగోలు చేసిన 2,860 హెక్టార్ల భూమిలో స్ప్రింగ్‌ఫీల్డ్ పట్టణ నిర్మాణం ప్రారంభమైంది. అందులో మానవ నిర్మితమైన సరస్సుల చుట్టూ వెలసిన నివాసాలే స్ప్రింగ్‌ఫీల్డ్ లేక్స్. ఇటువంటి చోట స్థిరపడిన తెలుగు కుటుంబానికి పెరట్లో కరివేపాకు మొక్క, గోంగూర మడి తరువాత కలిగే మూడవ కోరిక తరచుగా కోళ్ళ గూడే. ‘అంగడి గుడ్డు కన్న ఇంటి గుడ్డు శ్రేష్ఠం’ అన్న విశ్వాసం ఆ కోరికకు పునాది.

ఈ విశ్వాసం ఎంతవరకు నిజం? గుడ్డు కోడి కడుపులో పుట్టినా, దాని పదార్థం మాత్రం కోడి తిన్న దాణా నుంచి, తాగిన నీటి నుంచి, గీరిన నేల నుంచి వస్తుంది. నేల మంచిదైతే గుడ్డు మంచిది; నేలలో విషముంటే అది గుడ్డు ద్వారా పసివాని పళ్ళెంలోకి చేరుతుంది. ఈ రెండింటికీ దారి ఒక్కటే: కాల్షియం దారి. కోళ్ళ పెంపకంలోని సంతోషాలను, కష్టాలను ఆ దారి వెంట పరిశీలించడమే ఈ వ్యాసం ఉద్దేశం.

అడవి కోడి నుంచి పెరటి పెట్ట వరకు

నేటి పెంపుడు కోళ్ళకు మూలపురుషుడు దక్షిణ, ఆగ్నేయాసియా అడవులలో తిరిగే ఎర్ర అడవికోడి. థాయిలాండ్‌లోని బాన్ నాన్ వాట్ అనే చోట దొరికిన, క్రీస్తు పూర్వం 1650–1250 నాటి ఎముకలే నిస్సందేహంగా పెంపుడు కోడివని చెప్పదగినవాటిలో అతి ప్రాచీనమైనవని 2022లో వెలువడిన ఒక పరిశోధన నిర్ణయించింది. మెట్ట వరి, చిరుధాన్యాల సాగు మొదలైన పల్లెలలో రాలిన గింజలకు ఆశపడి అడవికోడి మనిషి ముంగిటికి వచ్చిందన్నది ఆ పరిశోధకుల అభిప్రాయం. అంటే కోడికీ మనిషికీ స్నేహం ధాన్యం వల్ల కుదిరిందన్నమాట.

తెలుగునాట ఈ స్నేహం కయ్యానికీ దారితీసింది. పల్నాటి వీరగాథలో రాజ్యాల తలరాతను మార్చినది కోడిపందెమే. పుంజుల రంగులకు, జాతకాలకు కుక్కుట శాస్త్రమే పుట్టింది. ఆధునిక కాలంలో హైదరాబాదులోని రాజేంద్రనగర్‌లో ఉన్న కేంద్ర ప్రభుత్వ కోళ్ళ పరిశోధన సంస్థ, పెరటి పెంపకానికి అనువుగా వనరాజ, గ్రామప్రియ అనే రకాలను రూపొందించింది. ఆస్ట్రేలియా తనదని గర్వంగా చెప్పుకునే జాతి నల్లని ఆస్ట్రలార్ప్. 1922–23లో జరిగిన గుడ్ల పోటీలో ఆరు ఆస్ట్రలార్ప్ పెట్టలు 365 రోజులలో 1,857 గుడ్లు పెట్టి ప్రపంచాన్ని ఆశ్చర్యపరచాయి. ఈనాడు పెరళ్ళలో ఎక్కువగా కనిపించే గోధుమరంగు సంకర జాతి పెట్టలు కూడా మంచి వయస్సులో ఏడాదికి సుమారు 300 గుడ్లు పెట్టగలవు.

పెంకు లెక్క

ఈ 300 అన్న అంకె వెనుక ఉన్న శ్రమ ఎంతటిదో ఒక చిన్న లెక్క చెబుతుంది. అరవై గ్రాముల గుడ్డులో పెంకు బరువు సుమారు 6 గ్రాములు. పెంకులో నూటికి 94 పాళ్ళకు పైగా కాల్షియం కార్బొనేట్. సుద్దముక్కలో, సున్నపురాయిలో ఉన్నదీ అదే. కాల్షియం కార్బొనేట్ బరువులో నూటికి 40 పాళ్ళు కాల్షియం. కాబట్టి ఒక గుడ్డు పెంకుకు రెండు గ్రాములకు పైబడిన కాల్షియం కావాలి. పెట్ట అస్థిపంజరంలోని మొత్తం కాల్షియం దాదాపు 20 గ్రాములు. అంటే ప్రతి గుడ్డుతోనూ పెట్ట తన ఎముకలలోని కాల్షియంలో పదోవంతుకు సమానమైన రాశిని బయటికి పంపుతున్నది. ఏడాది మొత్తం మీద ఆ రాశి అస్థిపంజరానికి ముప్పై రెట్లు.

గుడ్డు తయారు కావడానికి 24 నుంచి 26 గంటలు పడుతుంది. అండాశయం నుంచి విడివడిన పచ్చసొన చుట్టూ తెల్లసొన చేరడానికి మూడు గంటలు చాలు. ఆపై పలుచని పొరలు ఏర్పడతాయి. మిగిలిన సమయంలో అత్యధిక భాగం, సుమారు 20 గంటలు, పెంకు కట్టడానికే. ఇందులో ఒక చిక్కు ఉన్నది. పెంకు కట్టే పని చాలావరకు రాత్రివేళ, పెట్ట మేత మాని నిద్రించే సమయంలో జరుగుతుంది. అప్పుడు కాల్షియం ఎక్కడి నుంచి రావాలి? ప్రకృతి ఇందుకు చక్కని ఏర్పాటు చేసింది. గుడ్లు పెట్టే వయస్సు రాగానే పెట్ట ఎముకల బోలులో ప్రత్యేకమైన ఎముక పదార్థం పెరుగుతుంది. అది ఒక ధాన్యపు గాదె వంటిది: పగలు నిండుతుంది, రాత్రి ఖర్చవుతుంది.

పగటి మేతలో కాల్షియం చాలకపోతే గాదె నిండదు. పెట్ట అసలు ఎముకలనే కరిగించుకుంటుంది. పెంకు పలచబడుతుంది, తోలుగుడ్లు వస్తాయి, చివరకు పెట్ట కాళ్ళమీద నిలబడలేదు. రోజుకు నాలుగు గ్రాముల కాల్షియం అవసరమైన పక్షికి నూకలు, అన్నం మెతుకులు ఏమాత్రం సరిపోవు. గుడ్ల కోళ్ళ కోసం ప్రత్యేకించి తయారు చేసిన దాణా, దానికి తోడు వేరే చిప్పలో పలుకులుగా నలగగొట్టిన ఆలిచిప్పలు ఉంచడం ఉత్తమం. పలుకులు మెత్తని పొడికన్న మేలు. అవి కోడి కందనకాయలో నిలిచి రాత్రంతా మెల్లమెల్లగా కరుగుతాయి. తాంబూలపు సున్నం మాత్రం పనికిరాదు. అది కాల్షియం హైడ్రాక్సైడ్. నోటిని, గొంతును కాలుస్తుంది.

వేసవిలో రొప్పు, పలచని పెంకు

పెంకుకు కాల్షియం ఎంత అవసరమో కార్బొనేట్ కూడా అంతే అవసరం. ఆ కార్బొనేట్ పెట్ట రక్తంలోని బొగ్గుపులుసు వాయువు నుంచి వస్తుంది. స్ప్రింగ్‌ఫీల్డ్ లేక్స్ వేసవిలో ఈ విషయం కళ్ళకు కట్టినట్టు కనిపిస్తుంది. అక్కడ సంక్రాంతి నడివేసవిలో వస్తుంది. కోడికి స్వేద గ్రంథులు లేవు. దాని శరీర ఉష్ణోగ్రత సహజంగానే 41 డిగ్రీల సెల్సియస్ ప్రాంతంలో ఉంటుంది. ఎండ ముదిరినప్పుడు నోరు తెరచి, రెక్కలు ఎడంగా పెట్టి రొప్పడం ఒక్కటే దానికి తెలిసిన ఉపాయం. రొప్పేటప్పుడు నీటి ఆవిరితో పాటు బొగ్గుపులుసు వాయువు కూడా మితిమీరి బయటికి పోతుంది. రక్తం క్షారగుణం పొందుతుంది. పెంకు కట్టడానికి కావలసిన కార్బొనేట్ తగ్గిపోతుంది. దాణాలో లోపం లేకపోయినా జనవరి గుడ్డు పెంకు పలచన కావడానికి ఇది ఒక ముఖ్య కారణం. వేడికి మేత తగ్గడం రెండవ కారణం. అమెరికాలో 1980లలో వేసవి కోళ్ళకు సోడా నీరు తాగించి పెంకు మెరుగుపడటాన్ని శాస్త్రజ్ఞులు గమనించారంటే, ఈ సిద్ధాంతం కాగితాలకే పరిమితం కాదని స్పష్టమవుతుంది.

ఇంటి పెరట్లో సోడాల ఖర్చు అక్కరలేదు. పడమటి ఎండ తగలని నీడ, గాలి ఆడే గూడు, రెండు మూడు చోట్ల చల్లని నీరు ఉంటే చాలు. మామూలు రోజున పావు లీటరు నీరు తాగే పెట్ట మండుటెండలో దానికి రెట్టింపు తాగుతుంది. ఒక్క మధ్యాహ్నం నీటితొట్టి ఒరిగిపోతే సాయంత్రానికి పెట్టలు ప్రాణాలతో ఉండకపోవచ్చు. కోళ్ళున్న ఇంటివారు సెలవులకు ఇండియా ప్రయాణం పెట్టుకునేముందు నమ్మకమైన పొరుగువారిని వెతుక్కోవలసింది ఇందుకే.

కాల్షియం ముసుగులో సీసం

ఇప్పుడు అసలు ప్రమాదం. సీసం అయాను విద్యుదావేశంలో కాల్షియం అయానుతో సమానం. పరిమాణంలోనూ దానికి చేరువ. పేగులలోని ద్వారపాలకులు ఈ రెండింటి భేదాన్ని సరిగా పోల్చలేరు. కాల్షియం కొరత ఉన్న ప్రాణి సీసాన్ని మరింత ఆత్రంగా లోపలికి తీసుకుంటుంది. లోపలికి వచ్చిన సీసం ఎముకలలో చేరి, కాల్షియం కరిగినప్పుడల్లా దానితో పాటు రక్తంలోకి వస్తుంది. దినమూ ఎముక గాదెను నింపి ఖాళీ చేసే పెట్ట శరీరంలో ఈ రాకపోకలు ఎంత చురుకుగా సాగుతాయో ఊహించవచ్చు. రక్తంలోని సీసం చివరకు పచ్చసొనలోకి, పెంకులోకి చేరుతుంది. కోడి పైకి ఆరోగ్యంగానే కనిపిస్తుంది. గుడ్డు రుచిలో, వాసనలో తేడా ఉండదు.

సిడ్నీలోని మక్వారీ విశ్వవిద్యాలయం ప్రజల తోటల మట్టిని పరీక్షించడానికి 2013లో ‘వెజ్‌సేఫ్’ అనే కార్యక్రమాన్ని ఆరంభించింది. ఆ పరిశోధకులు సిడ్నీలోని 55 పెరళ్ళలో 69 కోళ్ళను పరిశీలించి 2022లో ఫలితాలు ప్రకటించారు. పెరటి గుడ్లలో సీసం సగటున కిలోకు 301 మైక్రోగ్రాములు. అంగడి గుడ్లలో అది 7.2 మైక్రోగ్రాములు మాత్రమే. అనగా ఇంటి గుడ్డులో నలభై రెట్లు ఎక్కువ! పెరటి గుడ్లలో సుమారు సగం కిలోకు 100 మైక్రోగ్రాముల హద్దును దాటాయి. గుడ్లు ఆ హద్దు లోపల ఉండాలంటే కోళ్ళు తిరిగే మట్టిలో సీసం కిలోకు 117 మిల్లీగ్రాములకు మించరాదని వారు లెక్కగట్టారు. ఆస్ట్రేలియాలో ఇళ్ళ తోటల మట్టికి నిర్దేశించిన మార్గదర్శక పరిమితి కిలోకు 300 మిల్లీగ్రాములు. ఈ రెండు అంకెల మధ్య దూరమే ఈ వ్యాసంలో పాఠకులు ముఖ్యంగా గుర్తుంచుకోదగినది. మనిషి నడవడానికి, పూలమొక్కలు పెంచడానికి పనికివచ్చే నేల, రోజంతా ముక్కుతో మట్టిని పొడిచి తినే కోడికి పనికిరాకపోవచ్చు.

సీసం పసిపిల్లల మెదడు ఎదుగుదలను దెబ్బతీస్తుంది. మింగిన సీసంలో పెద్దల కన్న నాలుగైదు రెట్లు ఎక్కువ భాగం చిన్నపిల్లల శరీరంలోకి చేరుతుందని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతున్నది. ఈ విషయంలో క్వీన్స్‌లాండ్‌కు ప్రపంచ చరిత్రలోనే ప్రత్యేక స్థానమున్నది. బ్రిస్బేన్ పిల్లలలో అంతుచిక్కని జబ్బు సీసం విషమేనని 1890లలో అక్కడి వైద్యులు గుర్తించారు. కంటి వైద్యుడు జాన్ లాక్‌హార్ట్ గిబ్సన్ 1904లో దానికి మూలం వసారాల కటకటాలకు, గోడలకు వేసిన సీసపు రంగేనని ప్రకటించాడు. ఎండకు పొడిరాలిన ఆ రంగు పిల్లల చేతులకు అంటి నోటికి చేరుతున్నదన్నాడు. మొదట చాలామంది నమ్మలేదు. 1922లో గాని పిల్లలకు అందే చోట్ల అటువంటి రంగు వాడకాన్ని క్వీన్స్‌లాండ్ చట్టం నిషేధించలేదు. నాడు పొడిరాలిన రంగులో కొంత నేటికీ పాత ఇళ్ళ చుట్టూ మట్టిలోనే ఉన్నది. సీసం కుళ్ళదు, ఆవిరి కాదు.

కొత్త పేట, పాత మట్టి

స్ప్రింగ్‌ఫీల్డ్ లేక్స్ నివాసులకు ఇందులో ఒక ఊరట ఉన్నది. అక్కడి ఇళ్ళు సీసపు రంగుల యుగం ముగిసిన తరువాత కట్టినవి. సీసం కలిపిన పెట్రోలు అమ్మకం ఆస్ట్రేలియాలో 2002 జనవరి 1తో ఆగిపోయింది. అందువల్ల ఆ పొగ మసి కూడా ఈ వీధులపై ఎక్కువగా పడలేదు. చెదపురుగులను ఆపడానికి ఇళ్ళ కింద మట్టిలో పోసే డీల్డ్రిన్, హెప్టాక్లోర్ వంటి మందులు 1995 మధ్య వరకు వాడుకలో ఉండేవి. కొవ్వులో కరిగి పచ్చసొనలో పేరుకునే ఈ మందుల బెడద కూడా కొత్త ఇళ్ళకు సాధారణంగా ఉండదు. ఇప్స్‌విచ్, బ్రిస్బేన్‌లలో 1970కి ముందు కట్టిన చెక్క ఇళ్ళకు అద్దెకు గాని, కొనుక్కొని గాని వెళ్ళినవారు మాత్రం ఈ రెండింటినీ అనుమానించవలసిందే.

అయితే కొత్త పేట అన్నంత మాత్రాన నిశ్చింతగా ఉండరాదు. పల్లం పూడ్చడానికి తెచ్చిన మట్టి ఎక్కడిదో ఇంటివారికి తెలియదు. పొదుపు కోసం కూల్చిన పాత ఇళ్ళ చెక్కలు తెచ్చి గూడు కట్టేవారున్నారు. ఆ చెక్కల రంగులో సీసం ఉండవచ్చు. చెద పట్టకుండా రాగి, క్రోమియం, ఆర్సెనిక్ లవణాలు పట్టించిన పచ్చని ఛాయ గల కలపను ఆట పరికరాలకు, చేతికందే కటకటాలకు వాడరాదని ఆస్ట్రేలియా 2006లో ఆంక్షలు పెట్టింది. అటువంటి పాత కలపతో కోళ్ళ గూడు కట్టడం, దానిని కాల్చి బూడిదను కోళ్ళ ధూళిస్నానానికి వాడటం రెండూ ప్రమాదకరమే. ఎలుకల మందు తిన్న ఎలుకను కోడి పొడిచినా, మందు గింజలనే తిన్నా ఆ విషం గుడ్డులో తేలవచ్చు. నులిపురుగుల మందు వేసినప్పుడు, ఎన్ని రోజుల పాటు గుడ్లు తినరాదో దాని చీటీపై రాసి ఉంటుంది. ఆ గడువును పాటించవలసిందే.

చేయవలసినది కష్టమైన పని కాదు. కోళ్ళను తెచ్చేముందే, గూడు పెట్టదలచిన స్థలంలో నాలుగైదు చోట్ల పైమట్టిని తీసి ప్రయోగశాలలో పరీక్ష చేయించాలి. అంకె ఎక్కువగా వస్తే ఆ స్థలాన్ని కప్పి, ఎత్తైన అరుగు కట్టి, పరీక్షించిన శుభ్రమైన మట్టి పోయాలి. దాణాను నేలమీద వెదజల్లక తొట్టిలో పెట్టాలి. మేతలో కాల్షియం లోటు లేకుండా చూడాలి. అది పెంకును బలపరుస్తూనే సీసాన్ని కొంత అడ్డుకుంటుంది. పచ్చసొన ముదురు రంగు చూసి మోసపోరాదు. ఆ రంగు మొక్కజొన్న, ఆకుకూరలు, బంతిపూల రేకులలోని కెరొటినాయిడ్ల వల్ల వస్తుంది. పెట్ట పచ్చని ఆకులు తిన్నదనడానికి అది సాక్ష్యం. నేలలో సీసం లేదనడానికి కాదు.

రెట్ట, ఎరువు, చీమ

కోళ్ళు పెంచేవారికి నిత్యం ఎదురయ్యే కష్టం రెట్ట. కోడి మూత్రాన్ని నీరుగా విసర్జించదు. రెట్టపై కనిపించే తెల్లని పూత యూరిక్ ఆమ్లం. తడి తగిలితే సూక్ష్మజీవులు దానిని క్రమంగా యూరియాగా, ఆపైన అమ్మోనియాగా మారుస్తాయి. గూట్లో తల పెట్టినప్పుడు కళ్ళు మండితే, అక్కడే రాత్రంతా గడిపే కోళ్ళ ఊపిరితిత్తులు ఇంకెంత బాధపడుతున్నాయో గ్రహించాలి. గూటి నేల పొడిగా ఉంచడం, రంపపు పొట్టు గాని ఎండుగడ్డి గాని మందంగా పరచడం ఇందుకు మందు. రెట్టలో నత్రజని ఎక్కువ, పొట్టులో కర్బనం ఎక్కువ. ఒక పాలు నత్రజనికి 25 నుంచి 30 పాళ్ళ కర్బనం ఉండేలా కలిపి మగ్గబెడితే కుప్ప వేడెక్కి, వాసన అణగి, మంచి ఎరువు తయారవుతుంది. పచ్చి రెట్టను నేరుగా వేస్తే మొక్క వేళ్ళు మాడిపోతాయి. మాగిన ఎరువు వేసిన మడిలో గోంగూర ఏపుగా వస్తుంది. దాని దగ్గరి చుట్టమైన రోసెల్లా కాయల తొడిమలతో క్వీన్స్‌లాండ్ గృహిణులు ఎంతోకాలంగా జామ్ చేసుకుంటున్నారు. ఒకే ఎరువు పులుసుకూరకూ జామ్‌కూ ఉపకరిస్తుందన్నమాట.

ఈ ఎరువును దూరపు మిత్రులకు కానుకగా పంపేముందు మాత్రం ఒక నియమం తెలుసుకోవాలి. దక్షిణ అమెరికా నుంచి వచ్చిన ‘ఫైర్ యాంట్’ అనే ఎర్రని కుట్టుడు చీమను 2001లో బ్రిస్బేన్‌లో కనుగొన్నారు. ఇప్స్‌విచ్ సహా ఆగ్నేయ క్వీన్స్‌లాండ్‌లో చాలా భాగం దాని నియంత్రణ మండలంలో ఉన్నది. మట్టి, ఎండుగడ్డి, పశువుల, కోళ్ళ ఎరువులు ఒకచోటి నుంచి మరొకచోటికి తరలించడంపై అక్కడ నిబంధనలున్నాయి. ఒక బస్తా ఎరువుతో ఒక చీమల పుట్ట ప్రయాణం చేయగలదు.

పాము, చలికాలం, ముసలి పెట్ట

పల్లెలో గద్ద, జంగుపిల్లి కోళ్ళకు శత్రువులైతే, స్ప్రింగ్‌ఫీల్డ్ లేక్స్‌లో నక్కకు తోడు కార్పెట్ పైథాన్ అనే కొండచిలువ వస్తుంది. ఈ పేట పక్కనే వైట్ రాక్, స్ప్రింగ్ మౌంటెన్ రక్షిత వనాలున్నాయి. కొండచిలువ ఆ అడవి ప్రాణి. చట్టం దానికి రక్షణ ఇస్తున్నది. దానిని చంపడం నేరం. కోడిని కాపాడుకోవలసిన బాధ్యత గూడు కట్టినవారిదే. సెంటీమీటరుకు కాస్త మించిన కన్ను గల గట్టి ఇనుప వలను నేలలోకి దించి, పైకప్పుతో సహా బిగించడం తప్ప మార్గం లేదు. వెదజల్లిన దాణా ఎలుకలను పిలుస్తుంది. ఎలుకలు పాములను పిలుస్తాయి. శుభ్రతే ఇక్కడ మొదటి కాపలా.

చలికాలంలో గుడ్లు తగ్గితే కోడికి జబ్బు చేసిందని కంగారు పడేవారున్నారు. పెట్ట గుడ్లు పెట్టడం పగటి వెలుగు నిడివిని బట్టి ఉంటుంది. పూర్తి జోరుకు సుమారు 14 గంటల వెలుగు కావాలి. బ్రిస్బేన్ ప్రాంతంలో డిసెంబరు పగలు దాదాపు అంత ఉంటుంది. జూన్ పగలు పదిన్నర గంటలకు మించదు. తెలుగుదేశం భూమధ్యరేఖకు మరింత చేరువ కనుక అక్కడ ఈ తేడా స్వల్పం. అందుకే పల్లె జ్ఞాపకాలలో దీని ప్రస్తావన తక్కువ. జూన్‌లో గుడ్లు ఆగితే అది పెట్టకు దొరికిన సెలవు. దాని ఎముకలు ఆ విరామంలో కోలుకుంటాయి.

జబ్బు విషయంలో మాత్రం ఉపేక్ష కూడదు. 2024లో విక్టోరియా, న్యూ సౌత్ వేల్స్, కాన్‌బెరా ప్రాంతాలలో తీవ్రమైన పక్షి ఫ్లూ తలెత్తింది. అకస్మాత్తుగా ఒకటికి మించి కోళ్ళు చనిపోయినా, ముఖాలు వాచినా 1800 675 888 అనే జాతీయ పశువ్యాధుల అత్యవసర సంఖ్యకు వెంటనే తెలపాలి. కొలను బాతులు తాగే నీటిని కోళ్ళకు అందనీయరాదు. సరస్సుల నడుమ ఉన్న పేటలో ఇది గట్టిగా పాటించవలసిన జాగ్రత్త.

అన్నిటికన్న బరువైన ప్రశ్న చివర వస్తుంది. మొదటి రెండు మూడేళ్ళ తరువాత గుడ్లు తగ్గుతాయి. కోడి ఆయువు మాత్రం ఆ తరువాత ఇంకా ఎన్నో ఏళ్ళు సాగవచ్చు. ఒక్కొక్క పెట్ట ఏడాదికి 40 కిలోలకు పైగా దాణా తింటుంది. గుడ్డు పెట్టని పెట్టను పోషించాలా, వద్దా? తాతగారి ఊళ్ళో ఈ ప్రశ్నకు సమాధానం పండుగనాటి పొయ్యి మీద దొరికేది. పిల్లలు ముద్దుపేరు పెట్టి పిలిచే పెట్టకు ఆ సమాధానం చెల్లదు. కోడిపిల్లను తెచ్చేముందే తల్లిదండ్రులు ఈ సంగతి పిల్లలతో మాట్లాడుకోవడం మంచిది. ప్రాణిని పెంచడమంటే దాని ముసలితనాన్ని కూడా ఇంటికి తెచ్చుకోవడమే.

పిల్లలకు మూడు ప్రయోగాలు

ఒకటి: పచ్చి గుడ్డును గాజుగ్లాసులో వినిగర్‌లో మునగనివ్వాలి. వెంటనే బుడగలు వస్తాయి. ఎసిటిక్ ఆమ్లం పెంకులోని కార్బొనేట్‌ను కరిగించగా వెలువడే బొగ్గుపులుసు వాయువే అది. వేసవిలో పెట్ట రొప్పి పోగొట్టుకునేదీ అదే. ఒకటి రెండు రోజులకు పెంకు పోయి, పొర మాత్రమే మిగిలిన గుడ్డు చేతికి వస్తుంది. దానిని మంచినీటిలో ఉంచితే ఉబ్బుతుంది. చిక్కని పంచదార పాకంలో ఉంచితే ముడుచుకుంటుంది. ఆ గుడ్డును తినరాదు. తరువాత చేతులు సబ్బుతో కడుక్కోవాలి.

రెండు: ఈ రోజు గుడ్డును, మూడు వారాల నాటి గుడ్డును నీటిలో వేయాలి. పెంకులోని వేలాది సూక్ష్మరంధ్రాల గుండా తేమ పోయి గాలి చేరడం వల్ల పాతది నిలువుగా లేస్తుంది. బొగ్గుపులుసు వాయువు కూడా పోవడంతో పాతగుడ్డు తెల్లసొన క్షారగుణం పెరుగుతుంది. ఉడికించిన పాతగుడ్డు పెంకు సులువుగా ఊడటానికి అదే కారణం.

మూడు: ఒక గుడ్డును పది నిమిషాలు ఉడికించి చన్నీళ్ళలో వేయాలి; మరొకదానిని అరగంట ఉడికించాలి. రెండవదాని సొన చుట్టూ ఆకుపచ్చని వలయం కనిపిస్తుంది. తెల్లసొనలోని గంధకం, పచ్చసొనలోని ఇనుము కలిసి ఏర్పడిన ఐరన్ సల్ఫైడ్ అది; హాని లేదు.

ముగింపు

తెల్లవారుతూనే గూటి తలుపు తీసే పిల్లవాడు, గడ్డిలో ఇంకా వెచ్చగా ఉన్న గుడ్డును అరచేతిలోకి తీసుకున్నప్పుడు పొందే ఆనందం అంగడిలో దొరకదు. ఆహారం ఎక్కడి నుంచి వస్తుందో, దాని వెనుక ఎంత శ్రమ ఉన్నదో నేర్పడానికి నాలుగు పెట్టలకు మించిన ఉపాధ్యాయులు అరుదు. ఆ గుడ్డు అంగడి గుడ్డు కన్న శ్రేష్ఠమా అన్న ప్రశ్నకు సమాధానం ఇంటివారి చేతిలోనే ఉన్నది. పెట్ట తనకు దొరికిన నేలనే గుడ్డుగా మార్చి ఇస్తుంది; మంచి చెడులు ఎంచే శక్తి దానికి లేదు. ఆ ఎంపిక చేయవలసినది మట్టి నమూనా చేతబట్టిన మనిషి. కోళ్ళ గూటికి మేకులు కొనేముందు మట్టి పరీక్షకు నమూనా పంపిన ఇంట, ఉదయపు అట్టుపై పడిన సొన నిశ్చింతగా తినదగినది.